చూపులకి ఏ చీర?

ఆడపిల్ల ఉన్న ఇంట్లో చూపులంటే ఒకప్పుడు ఒక్కటే అర్థం – పెళ్ళిచూపులు. ఆ పూటకి ఏ చీర కట్టాలి, జడలో ఎన్ని పూలు పెట్టాలి, కాఫీ పళ్ళెం ఎలా పట్టుకోవాలి అన్నదానికి మన ఇళ్ళలో రాయని శాస్త్రం ఒకటుండేది. తరవాత్తరవాత రెండో రకం చూపులు వచ్చిపడ్డాయి. వాటి పేరు ఇంటర్వ్యూ. మొదటి చూపుల శాస్త్రం రెండోవాటికి పనికిరాదని తెలుసు. మరి పనికొచ్చేదేమిటో ఎవరూ చెప్పరు.

ఆ మాట పుట్టుక చూస్తే ఒక తమాషా ఉంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫ్రెంచివాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నారు. మూలంలో దానికి అర్థం ‘ఒకరినొకరు చూసుకోవడం’. గమనించారా, ఒకరినొకరు! బల్లకి అవతల కూర్చున్నవాళ్ళు మనని చూడ్డమే కాదు, మనం వాళ్ళని చూడ్డం కూడా అందులో ఉందన్నమాట. ఈ సగం సంగతి మనం మరిచిపోయాం. చీర దగ్గర వచ్చే తంటా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

మా రెడ్డిగూడెం మామిడితోటల మధ్య ఊరు. నూజివీడు మామిడి అన్న పేరుతో ఊళ్ళు తిరిగే కాయల్లో మా చుట్టుపక్కల తోటలవీ ఉంటాయి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి దిగే రోజుల్లో మా వీధుల్లో మనుషులకన్నా గంపలెక్కువ. పరీక్షలు రాసిన పిల్లలకి ఉద్యోగాల పిలుపులు కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే వస్తుంటాయి. ఆమధ్య అలాంటి ఒక మధ్యాహ్నం పక్కింటమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. “అత్తయ్యా, ఎల్లుండి బెజవాడలో ఇంటర్వ్యూ. ఏం కట్టుకోమంటారు?” అంది.

అప్పటికే వాళ్ళింట్లో పెద్ద సభ జరిగిందట. “పట్టుచీర కట్టుకుపోవే, లక్ష్మీదేవిలా ఉంటావు” అని నాయనమ్మ. “పట్టుచీర చూస్తే కలిగినవాళ్ళనుకుని ఉద్యోగం ఇంకొకరికిస్తారు” అని తల్లి. “ప్యాంటూ కోటూ వేసుకోవాలి, ఇప్పుడంతా అదే” అని తమ్ముడు. “ఏం కట్టుకుంటే ఏం, వాళ్ళు అనుకున్నవాళ్ళకే ఇస్తారు” అని బాబాయి. మర్యాదగా కనిపించే నేతచీర ఒక్కటుంది గానీ, కాయలు సర్దడానికి వెళ్ళినప్పుడు కొంగు మీద సొన పడింది. మామిడి సొన సంగతి మీకు తెలుసుగా, ఏ సబ్బుకీ లొంగదు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే ఇది ఆ పిల్లదొక్కదానిదే కాదు, నూటయాభై ఏళ్ళు దాటిన ప్రశ్న.

ఈ ప్రశ్న గట్టిగా ఎదురైన తొలి ఇల్లాళ్ళలో ఒకావిడ కలకత్తాలో ఠాగూర్ల కోడలు, జ్ఞానదానందినీదేవి. ఆవిడ భర్త సత్యేంద్రనాథ్ ఠాగూర్ 1863లో ఐ.సి.ఎస్. గెలిచిన మొదటి భారతీయుడు. ఆయనకి బొంబాయి వైపు ఉద్యోగమైంది. భార్యని వెంట తీసుకువెళ్ళాలి. తీరా చూస్తే గడప దాటి నలుగురిలోకి వెళ్ళడానికి ఆవిడకి బట్టే లేదు! బీరువా నిండా చీరలున్నాయి, కానీ అప్పటి బెంగాలు ఘోషాలో ఒంటికి చుట్టుకునే ఒంటి చీర లోపలి గదులకి సరిపోయేదే గాని రేవులో ఓడెక్కడానికి కాదు. ఏదో ఫ్రెంచి దుకాణంలో ఒక ‘తూర్పుదేశపు’ దుస్తు కుట్టించారు. అది వేసుకోవాలంటే ఇంకొకరి సాయం కావలసివచ్చిందట!

బొంబాయి వెళ్ళాక ఆవిడ పార్సీ ఆడవాళ్ళ చీరకట్టు చూసింది. లోపావడా, జాకెట్టు, పైన చీర. చూసినదాన్ని చూసినట్టు దించుకోకుండా తనకి తగినట్టు మార్చుకుంది. పార్సీలు కుడి భుజం మీద వేసుకునే పైటని ఆవిడ ఎడమ భుజం మీదికి తెచ్చింది. ఎందుకంటారు? కుడి చెయ్యి ఖాళీగా ఉండాలని. 1871లో ఒక బెంగాలీ స్త్రీల పత్రికలో, ఈ కట్టు నేర్చుకోదలచినవాళ్ళకి నేర్పుతానని ప్రకటన కూడా ఇచ్చింది. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలన్న ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. అందంగా కనిపించాలని కాదు, చెయ్యి ఆడాలని.

చెయ్యి ఆడే కట్టు మనకి కొత్తదేం కాదు. మా ఊళ్ళో పాతతరం ఆడవాళ్ళు గోచీ పోసి చీర కట్టి పొలాల్లో నాట్లు వేశారు, తోటల్లో కలుపు తీశారు. ముందు కుచ్చిళ్ళు పోసి, పైట ఎడమ భుజం మీద వేసుకునే కట్టుని ఇప్పుడు దేశమంతా ‘నివి’ కట్టు అంటోంది. దాన్ని ఆంధ్ర, దక్కను వైపుదిగానే చెప్పుకుంటారు. అంటే ఆఫీసు చీరకట్టు అని మనం మురిసిపోయేది ఎక్కడినుంచో ఊడిపడలేదు. పనిచేసే అమ్మల దగ్గరనుంచే వచ్చింది. కాకపోతే పొలానికి వెళ్ళేటప్పుడు ఏం కట్టుకోనని ఆవిడ ఎవర్నీ అడగలేదు. అక్కడ చూసేవాళ్ళు లేరు, పనే ఉంది. చూసేవాళ్ళు వచ్చినచోటే ప్రశ్న వచ్చింది.

చూసేవాళ్ళకి ఎదురు నిలిచి చూసిన మన తెలుగు పిల్ల కథ ఒకటి చెప్పాలి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగింది. అక్కడినుంచి మన జిల్లాల్లో ఖద్దరు ఊపందుకుంది. మంచిచీరంటే సన్నపు సీమ బట్ట అనుకునే రోజులవి. ముతక ఖద్దరు కట్టుకుని నలుగురిలోకి రావడమంటే ఆనాటి అమ్మలక్కలకి చిన్న సంగతి కాదు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ, పక్కనే ఖద్దరు ప్రదర్శన. గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసే పని ఒక పద్నాలుగేళ్ళ వాలంటీరు పిల్లకి అప్పగించారు. ఆ అమ్మాయి దుర్గాబాయి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. టిక్కెట్టు లేదు. లేకపోతే లోపలికి వెళ్ళడానికి వీల్లేదంది. పెద్దలు కంగారుపడి టిక్కెట్టు కొని తెచ్చి ఇచ్చాకే వదిలింది. నెహ్రూ ఆ పిల్ల కర్తవ్యాన్ని మెచ్చుకున్నాడు. నన్నడిగితే ఆ పూట అక్కడ ఇంటర్వ్యూ చేసింది దుర్గాబాయి, ఇచ్చింది నెహ్రూ! ఎవరు ఎలా చూస్తున్నారన్నది ఆ పిల్లకి పట్టలేదు. చేతిలో పని ఉంది, అంతే.

ఆవిడే తరవాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టింది. తను ప్లీడరయింది. రాజ్యాంగ సభలో సభ్యురాలయింది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో పదహారో అధికరణం ఒకటుంది. సర్కారు ఉద్యోగంలో ఆడా మగా తేడా చూపకూడదని దాని సారాంశం. ఈవేళ మన పిల్లలు దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ వాక్యం ఎవరికీ గుర్తుండదు. కానీ కాగితం కింద బల్లలా అది ఉంటూనే ఉంది.

ఇంకొక తెలుగావిడ కథ చెప్తే, బట్ట అన్నది ఆడదానికి ఎంత పెద్ద తీర్పో తెలుస్తుంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి. పద్దెనిమిదో ఏటికి చేతిలో నాలుగు నెలల పాప, భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి ఏ బట్ట అన్న ప్రశ్నే ఉండేది కాదు. లోకం ముందే తేల్చి పెట్టింది. చాలా కుటుంబాల్లో తల తీయించి, రంగులేని చీర చుట్టి, వంటింటి వెనక గదిలో కూర్చోబెట్టేవారు. లలిత పుట్టింటివాళ్ళు ఆ దారి పట్టలేదు. తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగం ప్రొఫెసరు. ఆయన కూతురి కోసం ప్రిన్సిపాలు కె.సి. చాకోగారిని అడిగాడు. అందరూ మగపిల్లలే ఉన్న ఆ కాలేజీలో ఈవిడ చేరింది. ఇంకో ఇద్దరమ్మాయిలు, పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్, కూడా వచ్చి సివిల్‌లో చేరారు. అప్పటి పట్టా కాగితంలో ‘అతడు’ అన్న అచ్చుమాటే ఉందట. దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని రాసి ఇచ్చారని చెబుతారు. చూడండి, ఆడపిల్ల కోసం మారవలసింది ఒక్కొక్కసారి ఆడపిల్ల బట్ట కాదు, ఎదటివాళ్ళ కాగితం!

లలిత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్తు కంపెనీలో ఇంజనీరుగా పనిచేసింది. భాక్రా నంగల్ ఆనకట్టకి సంబంధించిన విద్యుత్తు పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో ప్రపంచంలోని మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి మహాసభ జరిగితే ఇక్కడినుంచి వెళ్ళింది. పత్రికల్లో కనబడే ఫోటోల్లో ఆవిడ చీరలోనే ఉంటుంది. కరెంటు లెక్కలకి చీర అడ్డం రాలేదు.

ఇక మన కలెక్టరు సంగతి. తోతాపురి మామిడిని మావైపు కలెక్టరు కాయ అంటాం. 1951కి ముందు ఆ పేరు మామిడికాయకైనా దక్కింది గాని ఆడదానికి దారిలోకూడా లేదు. ఆ ఏడు కేరళకి చెందిన అన్నా రాజం జార్జ్ ఐ.ఎ.ఎస్.లో అడుగుపెట్టింది. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు, ఆడవాళ్ళకి విదేశాంగ శాఖో, ఇంకో కేంద్ర శాఖో బాగుంటుంది, జిల్లా పాలన నీకెందుకని ఆశ పెట్టారు. ఆవిడ వినలేదు. మద్రాసు రాష్ట్రమే కోరుకుంది. అక్కడ ముఖ్యమంత్రి రాజాజీ. ఆడపిల్లకి సబ్‌కలెక్టరు పని ఎందుకు, సెక్రటేరియట్‌లో ఉంటే చాలునన్నది ఆయన ఆలోచన. చివరికి ఆవిడ హోసూరు సబ్‌కలెక్టరయింది. నియామకపు కాగితంలో మాత్రం పెళ్ళిచేసుకుంటే ఉద్యోగం పోతుందన్న షరతు ఉండేది. తరవాత్తరవాత ఆ షరతులు పోయాయి.

విదేశాంగమైనా మెత్తటి పరుపు కాదు. 1949లో అందులో చేరిన కూర్గు అమ్మాయి సి.బి. ముత్తమ్మని ఇంటర్వ్యూలో వద్దని మళ్ళించాలని చూశారు. తరవాత ముప్ఫయ్యేళ్ళ సర్వీసుకి దగ్గరపడ్డాక పదోన్నతి కోసం ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పెళ్ళి చేసుకోవాలంటే ఆడ ఉద్యోగి ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనీ, పెళ్ళయిన ఆడదానికి ఉద్యోగం హక్కు కాదనీ అప్పటి నిబంధనల్లో ఉండేది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నిబంధనల్ని తీర్పులో కడిగిపారేశారు.

ఇప్పుడు చెప్పండి. అన్నా రాజం ఏ చీర కట్టుకువెళ్తే ఆ సలహా రాకుండా ఉండేది? ముత్తమ్మ ఏ రంగు జాకెట్టు వేసుకుంటే ఆ నిబంధన పుట్టకుండా ఉండేది? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. 1980ల మొదట్లో ఒక బడిలో టీచరు పనికి నేనూ వెళ్ళాను. బడి పేరెందుకు లెండి. మా పిన్ని మంగళగిరి చీర అడిగి తెచ్చుకున్నాను. సన్నటి నిజాం అంచు. రాత్రి గంజిపెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పావుగంట సేపు రుద్దాను. మైలవరం మీదుగా వెళ్ళే బస్సులో కూచోకుండా నిలబడే ప్రయాణం చేశాను, మడతలు నలిగిపోతాయని. తీరా లోపలికి వెళ్తే పాఠం గురించి ఒక్క ముక్క అడగలేదు. “పెళ్ళెప్పుడమ్మా? పెళ్ళయ్యాక మానేస్తావా?” అంతే. అంత గంజీ వృథా! ఇంటికొచ్చి పిన్నితో చెబితే, “వాళ్ళు చీర చూడలేదే, పెళ్ళికూతుర్ని చూశారు” అంది.

ఆ మాటలో లోకమంతా ఉంది. వాళ్ళకి తెలిసినవి మొదటి రకం చూపులే. పేరు మాత్రం ఇంటర్వ్యూ.

ఇది మన దేశానికే అంటుకున్న జబ్బేం కాదు. 1938లో అమెరికాలో లాస్ ఏంజెలిస్ కోర్టుకి హెలెన్ హ్యూలిక్ అనే పసిపిల్లల బడి పంతులమ్మ సాక్ష్యం చెప్పడానికి ప్యాంటు వేసుకుని వచ్చింది. గౌను వేసుకు రమ్మన్నాడు జడ్జి. మళ్ళీ ప్యాంటుతోనే వచ్చింది. కోర్టు ధిక్కారమని అయిదు రోజుల జైలు శిక్ష వేశాడు! పై కోర్టు దాన్ని కొట్టేసింది. దొంగతనం కేసులో ఆవిడ ఏం చూసిందన్నది పక్కకి పోయి, ఆవిడ ఏం వేసుకుందన్నది కేసయింది.

ఇదే రోగానికి ఆ దేశంవాళ్ళే మంచి మందు కూడా కనిపెట్టారు. బోస్టన్‌లోని సింఫనీ వాద్యబృందం 1952లో కొత్తవాళ్ళని పరీక్షించేటప్పుడు మధ్యలో తెర కట్టింది. వాయించేది ఆడో మగో, తెల్లో నల్లో, పట్టో నూలో కనబడకూడదు. పాటే వినబడాలి. తరవాత మిగతా బృందాలూ తెర కట్టాయి. కొన్నిచోట్ల ఎత్తుమడమల చెప్పుల చప్పుడుకి ఆడమనిషని తెలిసిపోతోందని నేల మీద తివాచీ కూడా పరిచారు. ఆ తెరల వెనకనుంచి ఆడవాళ్ళు ఎక్కువమంది ఎంపికవడం మొదలైందని తరవాతి పరిశీలనలు చెప్పాయి.

మన దగ్గర తెర కట్టలేదు గాని చూపుల బరువు తగ్గించారు. ఇంటర్వ్యూకి నూటయాభైలో యాభై మార్కులు పెట్టిన ఒక ఇంజనీరింగు కాలేజీ ప్రవేశాల కేసులో సుప్రీంకోర్టు 1980 నవంబరులో, నూటికి ముప్ఫైమూడు అన్యాయం, పదిహేనుకి మించకూడదని చెప్పింది. రెండు మూడు నిమిషాల చూపుతో ఒక పిల్ల భవిష్యత్తు తేల్చడమేమిటని దాని సారం. 1984లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో ఆడవాళ్ళకి ముప్ఫై శాతం కేటాయించింది. 1995లో సుప్రీంకోర్టు అది సబబేనంది. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలే తీసేసింది. అన్నిటికన్నా ముందు, 1969 జులై 19న పధ్నాలుగు బ్యాంకులు జాతీయమవడంతో ఊరూరా శాఖలు తెరుచుకున్నాయి. టైపు లోయరూ హయ్యరూ పాసైన ఎంతమంది అమ్మాయిలు నేతచీరల్లో ఆ కౌంటర్ల వెనక కూర్చున్నారో మీలో చాలామందికి తెలుసు. ఆ కూర్చున్నది మీరే అయినా ఆశ్చర్యం లేదు.

అయితే మాత్రం ఎల్లుండి ఉదయం బస్సెక్కే పిల్లకి చరిత్ర చెప్పి పంపేస్తే ఎలా? అందుకని నాకు తోచింది చెప్పాను. సొన పడిన కొంగుని లోపలి మడతలోకి పోనిచ్చి అదే నేతచీర కట్టుకోవచ్చు, లేదా రోజూ కాలేజీకి వేసుకున్న పంజాబీ డ్రెస్సే ఇస్త్రీ చేసి వేసుకోవచ్చు. ఇవాళ రెండూ మర్యాదే. కొత్త చెప్పులు వద్దు, కరుస్తాయి. గంజి పలచగా పెట్టు, బస్సులో హాయిగా కూచో. అద్దం ముందు నిలబడి చూసుకోవడం కాదు, కుర్చీలో కూచుని చూడు. చెయ్యెత్తి ఫైలు అందుకుని చూడు. పైట జారకపోతే, ఊపిరి ఆడితే, అదే నీ చీర. అరువు చీర వద్దు. చీర మీద మరక పడుతుందేమోనన్న భయం ముందు సగం బుర్ర తినేస్తుంది.

“అంతేనా అత్తయ్యా?” అంది, నిరాశపడ్డట్టు. అంతేనమ్మా. కట్టుకున్నాక మరిచిపోగలిగిన బట్టే మంచి బట్ట. ఆ పిల్ల పంజాబీ డ్రెస్సులో వెళ్ళిందట. వాళ్ళు అడిగినవాటికి జవాబులు చెప్పి, చివర్లో తను రెండు ప్రశ్నలు అడిగిందట – జీతం ఏ తారీకున ఇస్తారు, రాత్రి పొద్దుపోతే ఇంటికి ఎలా పంపుతారు అని. ఫలితం ఇంకా రాలేదు. ఏం వచ్చినా ఆ రెండు ప్రశ్నలు నాకు నచ్చాయి.

జ్ఞానదానందినీదేవి కుడి చెయ్యి ఖాళీ చేసుకున్నది అందుకే. దుర్గాబాయి టిక్కెట్టు అడిగిందీ అందుకే. లలితకి లోకం కట్టబోయిన బట్ట కట్టుకోకుండా పాఠాల గది వైపు నడిచిందీ అందుకే. వీళ్ళెవరూ చూసేవాళ్ళకి నచ్చేలా తయారై వెళ్ళలేదు. తమకి పని చేసుకోవడానికి వీలైన బట్టలో వెళ్ళి, చూసేవాళ్ళ కళ్ళు అలవాటుపడేదాకా అక్కడే ఉన్నారు. మన పిల్లల్ని చూపులకి పంపేటప్పుడు చీర మడతలతో పాటు ఆ ముక్క కూడా చెప్పి పంపుదాం. వాళ్ళు నిన్ను చూస్తారు. సరే, చూడనీ. నువ్వూ వాళ్ళని బాగా చూసి రా.